కుప్పం బండల మీద ఆగిన కాయిల్

మోటార్ వైండింగ్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "నీ సర్వీసులో నిన్ను బాగా సతాయించిన మోటారు ఏదన్నా?" అని అడుగుతుంటారు. పాతాళం లోతు బోరులో ఇరుక్కున్న మోటారు కథేదో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివి బోలెడు చూశాను, మర్చిపోయాను కూడా. నన్ను ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించింది మాత్రం అరచేతిలో ఇమిడిపోయే ఒక మోటార్‌సైకిల్ కాయిల్. అది కూడా ఇక చాలు, షాపు మూసేద్దాం అనుకుంటున్న రోజుల్లో. ఈ పనిలో నిలబడాలనుకుంటే వినండి. వినకపోతే మీ ఖర్మ.

మదనపల్లెలో నాది పంపుసెట్ల మోటార్లకు రీవైండింగ్ చేసే షాపు. ఎండాకాలం వస్తే టమోటా తోటల రైతులు కాలిపోయిన మోటార్లను ఆటోల్లో వేసుకుని దిగిపోయేవాళ్లు. వాల్మీకిపురం నుంచి ఒకరు, సదుం నుంచి ఇంకొకరు. మోటారు కాలిందంటే తోట ఎండినట్టే గనక ప్రతివాడికీ అర్జెంటే. నాకు కోపం ఎక్కువని ఊరంతా చెప్పుకునేది. పది మంది చుట్టూ నిలబడి "అయిపోయిందా, అయిపోయిందా" అని పీక్కు తింటుంటే ఎవరికి రాదు కోపం?

మాకు పని నేర్పిన మేస్త్రి రెండే సూత్రాలు చెప్పేవాడు. ఒకటి, కాయిల్ బిగువుగా చుట్టాలి. చుట్టాక గోరుతో మీటితే టంగుమనాలి. పంపు మోటారు స్టార్టయ్యేటప్పుడు పెద్ద కుదుపు ఇస్తుంది. తీగ వదులుగా ఉంటే ఆ కుదుపుకి ఒకదానితో ఒకటి రాసుకుని కాలిపోతుంది. రెండోది, మన చేత్తో చుట్టిన కాయిల్ పోయిందని కబురొస్తే యాడున్నా లేచి పోవాల. ఓల్టేజీని తిట్టేది, రైతును తిట్టేది అంతా తర్వాత. ఒకసారి సొంత మేనకోడలి పెళ్లిలో పప్పన్నం కలిపి నోట్లో పెట్టుకోబోతూ, సదుంలో తాను చుట్టిన మోటారు పోయిందని కబురందితే, ఆకు ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుని బస్సెక్కేశాడు. ఆయన అక్క చాలాకాలం మాట్లాడలేదు. ఆయన మాత్రం "నీళ్లు లేక తోట ఎండుతాంటే నాకు అన్నం ఎట్ల దిగుతాదప్పా" అన్నాడు.

ఆ మేస్త్రి దగ్గర నాతో పాటు పని నేర్చుకున్నవాడు ఇంకొకడున్నాడు. తర్వాత పుంగనూరులో బైకు మెకానిక్కుగా స్థిరపడ్డాడు. నాకన్నా కొంచెం ముందు చేరాడని జీవితాంతం సీనియర్నని దబాయించేవాడు. వాడే ఈ తలనొప్పి తెచ్చి నా నెత్తిన పెట్టింది. ఒకరోజు గుడ్డసంచిలో నుంచి గుండ్రటి చట్రం తీసి నా బల్ల మీద పెట్టాడు. చుట్టూ చిన్న చిన్న కాయిళ్లు.

"ఇదేందిరా?" అన్నాను.

"స్టేటరప్పా. బండల మీద తోలే బైకులుండాయి సూడు, వాటిది. ఫారిన్ పాత బండ్లు. స్పేర్లు యాడా దొరకవు. దీంట్లో సన్నతీగ కాయిల్ ఒకటి పోయింది. నీవే సుట్టాల."

ఆ బైకును తర్వాత చూశాను. దానికి సీటే లేదు. "సీటెవరన్నా ఎత్తుకుపోయినారా?" అంటే వాడు పడీపడీ నవ్వాడు. కూర్చుని తోలే బండి కాదంట అది. నిలబడి, బండల మీద, గుంతల్లో, రాళ్లవాగుల్లో నత్తలాగా నెమ్మదిగా తోలాలి. ఎవరు ముందు పోయారన్నది లెక్క కాదు, కాలు కింద పెట్టకుండా పోయారా లేదా అన్నదే పోటీ. కాలు ఆనించిన ప్రతిసారీ మార్కు పోతుంది. మా వైపు కొండలనిండా బండలే కదా, బెంగళూరులో అమ్మకానికొచ్చిన అలాంటి పాత బండ్లు కొన్ని మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుర్రాళ్ల చేతికొచ్చాయి. అన్నిటిదీ ఒకే జబ్బు. పొద్దున కిక్కు కొడితే పలుకుతుంది. కాసేపు తోలి ఇంజన్ వేడెక్కగానే చటుక్కున ఆగిపోతుంది. చల్లారాక మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

స్టేటర్ సంగతి మీకు తెలిసిందే. పైన అయస్కాంతాలున్న చక్రం తిరుగుతుంటే ఈ సన్నతీగ కాయిల్‌లో కరెంటు పుట్టి, దాంతో ప్లగ్గులో నిప్పు రాజుకుంటుంది. కాయిల్ పోతే నిప్పు లేదు, బండి లేదు. ఆ తీగ తలవెంట్రుక కన్నా సన్నం. అయితే ఏం, ఇన్నేళ్లు కాయిళ్లు చుట్టినవాణ్ణి, ఇదొక లెక్కా అనుకున్నాను. చక్కగా బిగించి చుట్టాను, వార్నిష్‌లో ముంచి మిద్దె మీద ఎండబెట్టాను, గోరుతో మీటాను, మీటరు పెట్టి చూశాను. అన్నీ బ్రహ్మాండం. అలా వరసగా వచ్చినవన్నీ చుట్టి పంపాను.

ఒక్కొక్కటీ తిరిగి రావడం మొదలైంది. అదే జబ్బు.

నేను పుంగనూరోడి మీద ఎగిరాను, నువ్వు చక్రం సరిగ్గా బిగించడంలేదని. వాడు బండ్లు తోలేవాళ్ల మీద ఎగిరాడు, వేడి ఇంజన్ మీద బోరునీళ్లు కొట్టి కడుగుతాండారని. వాళ్లు కడగడం మానేశారు. చక్రాలు కొత్త నట్లతో బిగించాం. అయినా కాయిళ్లు పోతూనే ఉన్నాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, షాపుకొచ్చిన రైతుల మీద అరుస్తూ ఉండేవాణ్ణి.

అప్పుడొచ్చింది ఆ అమ్మాయి. పెద్దపంజాణి దగ్గర పల్లెలో రైతుల బిడ్డ. పుంగనూరులో పాల కేంద్రంలో పాలు పరీక్షచేసే పని. వాళ్లన్న సరదాపడి ఒక బండి తెచ్చి, నాలుగుసార్లు పడి, కొట్టంలో మూలపెడితే, ఈమె దాన్ని బయటికి తీసి నేర్చుకుంది. నా దగ్గరికి పుంగనూరోడిని తోడు తెచ్చుకుని వచ్చింది.

"మామా, మీరు సుట్టింది మళ్లా పోయింది" అంది, గొంతులో మర్యాద తగ్గకుండా, భయమూ లేకుండా.

"సుట్టేదాంట్లో తప్పు లేదమ్మా. మీటరు పెట్టి సూపిస్తా సూడు" అని మీటరు పెట్టాను. ముల్లు సరిగ్గా ఉండాల్సిన చోటే నిలబడింది.

"వేడిలో ఆగిపోయేదాన్ని సల్లగుండేటప్పుడు సూస్తే ఏం తెలుస్తాది మామా? జరమొచ్చినోణ్ణి జరం తగ్గినంక ఆస్పత్రికి తీసకపోయినట్ల ఉండాది."

నాకు ఒళ్లు మండింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను, ఎందుకంటే ఆమె చెప్పింది నిజం. ఆమె తొందరకు కారణం ఉంది. కుప్పం కొండల్లో ఈ బండ్లు తోలడం నేర్పే క్యాంపు ఒకటి పెట్టారంట. బయటి ఊళ్ల నుంచి జనం నేర్చుకోవడానికి వస్తారు. నేర్పేందుకు ఒక్కరిని తీసుకుంటారు. ఎవరి బండితో వాళ్లు వచ్చి బండల మీద తోలి చూపించాలి.

"పాల కేంద్రంలో గాజుగొట్టాలు కడిగీ కడిగీ సేతులు పాసిపోయినాయి మామా. నేను మనసు పెట్టి నేర్సుకున్న పని ఇదొక్కటే. దానికి ఉద్యోగమిచ్చే సోటు మన పక్క అదొక్కటే. ఆడ బండి ఆగిపోతే నాకింక వేరే దోవ లేదు" అంది. అంతే, ఏడవలేదు, బతిమాలలేదు.

షాపు వెనకే మా ఇల్లు. లోపలికి పోయి స్టవ్ మీద దోసెపెనం పెట్టి, దాని మీద స్టేటర్ పెట్టి, మీటరు తీగలు తగిలించాను. మా ఆవిడ చూసి, "దోసెలు పోసుకునే పెనమ్మీద ఏంది ఈ కర్మ! నీకు బుద్ధి ఉండాదా?" అని గుమ్మంలోనే నిలబడిపోయింది. పెనం వేడెక్కుతోంది. ముల్లు కాసేపు కదల్లేదు. ఉన్నట్టుండి, లోపల తీగ తెగినట్టు, దభీమని కిందికి పడిపోయింది. స్టవ్ ఆపాం. చల్లారుతూ చల్లారుతూ మళ్లీ లేచింది. మా ఆవిడ కూడా తిట్టడం ఆపేసి చూస్తోంది.

ఎక్కడ తెగుతోందో కనిపెట్టడానికి కాయిల్ విప్పుకుంటూ ఇంటి ముందు కూర్చున్నాను. మా ఎదురిల్లు పట్టుచీరల మగ్గం ఇల్లు. ఆ ఇంటావిడ చిన్నప్పటినుంచీ పట్టుదారం కండెలకు చుట్టిన మనిషి. నన్ను అన్నా అని పిలిచేది. నా అవస్థ చూసి దగ్గరికొచ్చి, విప్పిన తీగను రెండు వేళ్ల మధ్య పట్టి చూసింది.

"ఏందన్నా, ఇంత బిగబట్టినావు? ఇదే పట్టయితే సుట్టేటప్పుడే తెగింటుంది."

"కాయిల్ బిగువుగానే ఉండాలమ్మా. అది మా మేస్త్రి సూత్రం."

"మీ మేస్త్రి లావుతీగకు సెప్పింటాడు. సన్నదానికి ఊపిరాడనియ్యల్ల కదా. వేడికి ఆ లోపల ప్లాస్టిక్ కండె ఉబ్బదా? అది ఉబ్బితే ఇది యాడికి పోవాల?"

నోరు వెళ్లబెట్టాను. వేల పంపు మోటార్లను ఏ బిగువుతో చుట్టి బాగుచేశానో, అదే బిగువు ఈ వెంట్రుకంత తీగను చంపుతోంది. ఇది బోరుమోటార్ల మేస్త్రీలు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు. అయినా వెంటనే ఒప్పుకోలేదులెండి. "అయితే నువ్వే సుట్టు సూద్దాం" అని రెచ్చగొట్టాను. ఆమె రెచ్చిపోలేదు. చేతులు కడుక్కుని, పొడిగా తుడుచుకుని వచ్చి కూర్చుంది. మెత్తటి పాతగుడ్డ ముక్క మధ్యనుంచి తీగను పోనిస్తూ, అది వస్తోందా లేదా అన్నట్టుగా చుట్టింది. నేను పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టే మీటరును చూస్తూ ఉండిపోయాను. అయిపోయాక గోరుతో మీటితే టంగుమనలేదు. నాకు దిగులేసింది. పెనం మీద పెడితే మాత్రం, ఎంత వేడెక్కినా ముల్లు చోటు వదల్లేదు. మా ఆవిడ, "సాలు, ఇంక నా పెనం ఇయ్యి" అనేదాకా చూస్తూనే ఉన్నాం.

వెంటనే పుంగనూరోడికి చెప్పి, నేను చుట్టిన స్టేటర్లన్నీ వెనక్కి తెప్పించమన్నాను. ఒక్కొక్కటీ వచ్చాయి. ఎదురింటి చెల్లెమ్మ తీరిక చేసుకుని అన్నీ తిరిగి చుట్టింది. కుప్పం కుర్రాడొకడు మాత్రం పంపలేదు. "నాది బాగానే పలుకుతా ఉండాదే. ఆడే బండిని యాల విప్పాల?" అన్నాడంట. వాడూ ఆ ఉద్యోగానికే వస్తున్నాడని అమ్మాయి చెప్పింది. ఎందుకైనా మంచిదని ఆమె కోసం, మూలపడ్డ బండిలో నుంచి తీసిన ఇంకో స్టేటర్ కూడా చుట్టించి పెట్టాం.

పరీక్ష రోజున నేను, పుంగనూరోడు ఇద్దరం కుప్పం వెళ్లాం. ముసలోళ్లకు ఈ తిరుగుళ్లు ఎందుకని మా ఆవిడ సణిగింది గానీ, పులిహోర కట్టిచ్చింది. కొండ దిగువన తాళ్లు కట్టి దారులు గుర్తుపెట్టారు. ఒకటి బండల మీద, ఒకటి ఎండిన వాగులో, చివరిది ఏనుగు వీపులా ఉన్న పెద్ద బండ మీదికి. వచ్చినవాళ్లలో చాలామంది మొదటి దారిలోనే కాళ్లు ఆనించేశారు. మిగిలింది మన అమ్మాయి, ఆ కుప్పం కుర్రాడు. నిజం చెప్పొద్దూ, కుర్రాడు బాగా తోలుతున్నాడు. ఈమె బండి వేడెక్కి సెగలు కక్కుతున్నా ఆగలేదు. నేను ప్రతి బండకూ ఒక దేవుడికి మొక్కుకుంటున్నాను.

వాగులోకి దిగే ముందు కుర్రాడి బండి ఆగిపోయింది. కిక్కు మీద కిక్కు కొట్టాడు. చప్పుడు లేదు. క్యాంపు నడిపే పెద్దమనిషి గడియారం చూసుకుని, "టీ తాగేంతసేపు ఆగుతాం. అంతలోపల స్టార్టయితే సరి, లేకపోతే లేదు" అన్నాడు. పుంగనూరోడు సంతోషం పట్టలేక నా చెయ్యి గిల్లాడు. నేనూ సంతోషపడ్డాను. దాచుకోవడం ఎందుకు?

కుర్రాడు గబగబా ఇంజన్ పక్కమూత విప్పాడు. నేను ఊరికే చూద్దామని వెళ్లాను. స్టేటర్ కాయిల్ మీద దారం కట్టు కనిపించింది. రెండు మెలికలు వేసి పక్కకు లాగిన ముడి. మా మేస్త్రి నేర్పిన ముడి అది. ఆయన పోయాక ఆ ముడి వేసేవాణ్ణి నేనొక్కణ్ణే. 

వెనక్కి వచ్చి, అమ్మాయి కోసం తెచ్చిన ఆ రెండో స్టేటర్ ఉన్న సంచి తెరిచాను. పుంగనూరోడికి అర్థమైంది. "ఒరే, నీకేమన్నా పిచ్చా? వానికి ముందే సెప్పినాం. ఇనలేదు. వాని కర్మ" అన్నాడు.

అమ్మాయి దూరం నుంచి చూసి వచ్చేసింది. "అది నా స్పేర్ మామా."

"నీదేనమ్మా. ఆ పోయిన కాయిల్ నాది."

"పంపమంటే పంపలేదు కదా వాడు! నా బండి కూడా ఆగిపోతే? అప్పుడేం జేస్తావు?"

మేస్త్రి పప్పన్నం కథ చెప్పడానికి అది సమయమా? "నేను సుట్టిందమ్మా. పోయి సూడాల" అన్నాను.

"నువ్వు నా పక్క వచ్చినావా, వాని పక్క వచ్చినావా?" అంది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. సమాధానం కోసం ఆగకుండా మొహం తిప్పుకుని తన బండి దగ్గరికి వెళ్లిపోయింది.

పుంగనూరోడు నన్ను బూతులు తిడుతూనే చక్రం ఊడలాగే పుల్లర్ తీసుకుని వచ్చాడు. వాడు చక్రం ఊడదీశాడు, నేను గుర్తులు కలిపి స్టేటర్ మార్చాను. వాడిదీ అదే మేస్త్రి చెయ్యి కదా, నోరు ఒప్పుకోకపోయినా చేతులు ఆగవు. పెద్దమనిషి గ్లాసులో టీ అయిపోతుండగా బండి పలికింది. కుర్రాడు నా కాళ్లకు దండం పెట్టబోతే కసిరాను. అమ్మాయి వైపు చూడడానికి ధైర్యం చాలలేదు.

తర్వాత ఆమె వాగులోకి దిగింది. అంత కోపంగా, అంత నిదానంగా బండి తోలడం నేనెప్పుడూ చూడలేదు. ఒక రాయి మీద బండి ముందుకూ పోక వెనక్కీ రాక నిలబడిపోయింది. ఆమె పెదవి కొరుక్కుని, ఊగుతూ, కాలు కింద పెట్టకుండా నిలదొక్కుకుని దాటేసింది. ఏనుగు బండ కూడా ఎక్కేసింది. కుర్రాడూ ఎక్కాడు, కాకపోతే వాగులో ఒకసారి, బండ మీద ఒకసారి కాలు ఆనించాడు. ఉద్యోగం ఆమెకే వచ్చింది. పుంగనూరోడు ఈలవేసి గంతులేశాడు. నేను అక్కడే రాయి మీద కూర్చుని, మొక్కుకున్న దేవుళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

ఆమె నా దగ్గరికి రాలేదు. అందరితో మాట్లాడింది, నాతో తప్ప. సరే, నాకు తగిందే అనుకుని బస్టాండుకు పోయి పులిహోర పొట్లం విప్పాను. ముద్ద దిగలేదు. కాసేపటికి బండి చప్పుడైంది. ఆమె దిగి వచ్చి, పక్కన కూర్చుని, నా పొట్లంలో నుంచే పులిహోర తీసుకుని తినసాగింది.

"కోపం పోయిందామ్మా?" అన్నాను.

"పోలేదు" అంది, నములుతూనే. ఇంకో ముద్ద తీసుకుని మళ్లీ తనే అంది. "ఆ పిల్లోడు వచ్చి కంగ్రాట్స్ సెప్పినాడు మామా. 'నాకన్నా బాగా తోలినావక్కా' అన్నాడు, అందురి ముందర. వాని బండి ఆగిపోయి నాకీ పని వచ్చింటే, బతికినన్నాళ్లూ ఈడ ఏమనేవాళ్లో తెలుసు కదా? బండి సెడిపోయిందని ఆడపిల్లకిచ్చినారు అనేవాళ్లు. నేను నేర్పించేది ఎవురు ఇంటారు అప్పుడు?"

నేనంత దూరం ఆలోచించి ఇవ్వలేదు తల్లీ అని చెప్పాను. నాకు తెలిసిందల్లా నా ముడి. ఆమె నవ్వి, మిగిలిన పులిహోర పుంగనూరోడికి దక్కకుండా పూర్తిచేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లకే షాపు మూసేశాను. సన్నతీగ కళ్లకు ఆనడంలేదు. చుట్టే మిషన్ ఎదురింటి చెల్లెమ్మకిచ్చాను. క్యాంపు బండ్ల కాయిళ్లన్నీ ఇప్పుడు ఆమే చుడుతుంది. నాది కాని ముడి వేస్తుంది, నేతగాళ్లు తెగిన పోగు అతికేటప్పుడు వేసే ముడి. ఎన్నిసార్లు చూపించినా నాకది పట్టుబడలేదు.

మొన్న కుప్పం నుంచి అమ్మాయి ఫోన్ చేసింది, ఒక బండి వేడెక్కి ఆగిపోయిందని. చెల్లెమ్మ మగ్గం పని పక్కనపెట్టి సంచి సర్దుకుంటోంది.

"నువ్వెందుకమ్మా అంత దూరం? బస్సులో పంపమంటే పంపిస్తుంది కదా" అన్నాను.

"నేను సుట్టింది కదన్నా. నేనే పోయి సూడాల."

మేస్త్రి రెండో సూత్రం నేనామెకు ఎన్నడూ చెప్పలేదు. మా ఆవిడ లోపలినుంచి పాత దోసెపెనం తెచ్చి, "ఇది లేకుండా ఆడికి పోయి ఏం సూస్తావు?" అని ఆమె సంచిలో పెట్టింది. సంచి నేనే మోసుకుని బస్టాండుదాకా వెళ్లాను. కుప్పం బస్సు కదిలేదాకా నిలబడ్డాను. మా మేస్త్రి ఈమెను చూసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.